ఎదురొచ్చే ఉద్యోగం

ఆ రోజుల్లో మా మైలాపూరులో ఎవరూ ఇంట్లోంచి ఊరికే బయటపడేవారు కాదు. చెప్పులు తొడుక్కుని, గడప దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఎదురుగా వచ్చేది ఎవరో చూసి, ఆ మనిషి తమ పనికి అనుకూలమో కాదో తేల్చుకుని, అప్పుడు కుడికాలు బయట పెట్టేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిమిషమంతా ఒక కలలాగే ఉంటుంది. ఇంకా పూర్తిగా తెల్లవారని వెలుతురు, అప్పుడే వేసిన ముగ్గు, ఎవరి ఇంట్లోనో డికాషన్ దిగుతున్న వాసన, ఎక్కడో దూరంగా నాదస్వరం సాధన చేసే మనిషి ఒకే ముక్కను పదే పదే తిప్పడం, ఆ మధ్యలో నూనె రాసి దువ్విన జడతో, నిండు బిందె చంకనెత్తుకుని, నిద్రకళ్ళతో నడిచివచ్చే ఒక పిల్ల. ఆ పిల్లను నేనే. అదే నా మొదటి ఉద్యోగం. (జీతం లేదు. అప్పుడప్పుడూ ఒక మైసూరుపాకు ముక్క ఇచ్చేవారు.)

మేం ఉండేది ఒక స్టోరులో. స్టోరు అంటే దుకాణం కాదు. ఒక పొడుగాటి ముంగిలి, దానికి రెండువైపులా వరసగా చిన్న చిన్న వాటాలు, అందరికీ కలిపి ఒక చేతిపంపు, ఒకే ఒక వీధి తలుపు. మద్రాసులో అలాంటి ఇంటిని స్టోరు అనే అంటారు. ఎవరు బయటికి పోవాలన్నా ముంగిలంతా నడిచి ఆ తలుపులోంచే పోవాలి కనుక, ఎవరికి ఎవరు ఎదురొచ్చారో ఊరంతటికీ తెలిసేది. నాకు ఆరేడేళ్ళప్పుడు మా నాయన సౌకార్‌పేటలో ఒక టోకు దుకాణంలో పని అడగడానికి బయలుదేరుతుంటే, నేను చెంబు నిండా నీళ్ళతో పంపు దగ్గర్నుంచి ఎదురొచ్చానట. (పళ్ళు తోముకోవడానికి.) సాయంత్రం నాయన పని దొరికిందని ఇంటికొచ్చాడు. ఆ దుకాణం ఆసామి మా చిన్నాయనకు స్నేహితుడనీ, పని ముందే ఖాయమైందనీ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మా అవ్వ, అంటే నాయన తల్లి, నా నెత్తిన చెయ్యిపెట్టి "ఇది రాశి గల పిల్లరా, ఎదురొస్తే పనవుతాది" అని తేల్చేసింది. మా అవ్వ తేల్చిన విషయం మళ్ళీ మునగడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పట్నుంచి స్టోరులో ఎవరికి ముఖ్యమైన పని ఉన్నా ముందురోజే మా వాకిట్లోకి వచ్చి "పాపని రేపు పొద్దున కొంచెం..." అని నసిగేవారు. చెంబు పోయి ఇత్తడి బిందె వచ్చింది. పెళ్ళిచూపులకు, బ్యాంకు పరీక్షలకు, కోర్టు వాయిదాలకు నేనే. పని జరిగితే నా గొప్ప. జరక్కపోతే నా తప్పు కాదు, పద్ధతిలో ఏదో లోపం. ఎదుటి వాటా వాళ్ళ పెద్దబ్బాయి డ్రైవింగ్ పరీక్ష తప్పి వచ్చినప్పుడు అవ్వ కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఇది ఎడంకాలు ముందు పెట్టుంటాది" అంది. (ఆ అబ్బాయి బండిని గోడకు కొట్టాడు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.) ఇంకోసారి నా జడలో పువ్వు లేదు. మరోసారి నేను ఆవులించాను. ఇలా ఓడిపోయినప్పుడల్లా ఒక కొత్త నియమం పుట్టేది తప్ప నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు. పన్నెండేళ్ళు వచ్చేసరికి కుడికాలు, జడ, పువ్వు, పళ్ళు కనిపించని నవ్వు, అన్నీ కుదిరితే గానీ నేను శకునం కాలేకపోయేదాన్ని. కష్టమే. కానీ నిజం చెప్పొద్దూ, అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే. బడిలో లెక్కలు రాకపోయినా, నేను పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయినా, పోనీలే, నేనెదురొస్తే లోకంలో పనులవుతాయి అనుకుని మురిసిపోయేదాన్ని.

మా స్టోరులోనే చివరి వాటాలో నాకు సరిగ్గా ఎదురు ఉద్యోగంలో ఒకాయన ఉండేవారు. నెల్లూరు వైపునుంచి ఎప్పుడో వచ్చి, ట్యూషన్లు చెప్పుకుంటూ, పెళ్ళి మాట మరిచిపోయిన లెక్కల మాస్టారు. ఒంటి బ్రాహ్మడు ఎదురైతే వెళ్ళిన పని చెడుతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది కదా, ఈయన బ్రాహ్మడూ, ఒంటివాడూ కూడా. మేమంతా సార్ అనేవాళ్ళం. అవ్వ మాత్రం ఒంటయ్యోరు అనేది, ఆయనకు వినిపించేట్టుగానే. (మైలాపూరులో కాపురముంటూ ఒంటి బ్రాహ్మణ్ణి తప్పించుకోవడమంటే సముద్రంలో ఉంటూ ఉప్పును తప్పించుకోవడమే. మాడవీధిలో అడుగుకొకరు ఎదురొస్తారు. ఆ మాటే అవ్వనడిగితే, "అరవోళ్ళు లెక్కలోకి రారు" అని ఒక్క ముక్కలో ముగించింది.)

సార్ ఎంత మర్యాదస్తుడంటే, తన వల్ల ఎవరికీ చెడుపు రాకూడదని బయటికి వచ్చేముందు తలుపు వెనక నిలబడి గట్టిగా దగ్గేవారు. ఎవరైనా బయలుదేరుతున్నారా, ఆగాలా అని అడగడం అన్నమాట. ఎవరూ పలకకపోతే వచ్చేవారు. ఒకవేళ ముంగిట్లో ఎవరైనా హఠాత్తుగా ఎదురుపడితే, చటుక్కున పక్కకు చూసి పూలమ్మినో పోస్టుమేనునో పిలిచి "దా, కలిసి పోదాం" అనేవారు. ఇద్దరైతే దోషం లేదు కదా. ఎవరూ లేనిరోజు స్టోరు కుక్కను పిలిచేవారు. కుక్క రెండో మనిషి కిందికి వస్తుందా రాదా అని మా అవ్వా ఆయనా ఒకసారి ముంగిట్లో చాలాసేపు వాదించుకున్నారు. ఆయన వస్తుందన్నారు. ఆడకుక్క అయితే రాదని అవ్వ. కుక్క మాత్రం ఇద్దరి మధ్యా పడుకుని నిద్రపోయింది.

నాకు లెక్కలు నేర్పింది ఆయనే. ఒకసారి సంభావ్యత పాఠం చెబుతూ రూపాయి బిళ్ళ పైకెగరేసి, "చూడమ్మా, పదిమార్లు బొమ్మే పడిందనుకో. పదకొండోమారు బొరుసు పడాలని ఏమన్నా ఉందా? లేదు. ఎందుకంటే నాణానికి జ్ఞాపకం ఉండదు" అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది. మరి మీరెందుకు సార్ తలుపు వెనక నిలబడి దగ్గుతారు అని అడిగాను. ఆయన బిళ్ళను జేబులో వేసుకుని, "మా అన్న పరీక్షకి పోయినప్పుడల్లా నేనే ఎదురొచ్చినా. వాడు ప్రతిమారూ తప్పినాడు. వాడు చదివినాడా లేదా అని ఇంట్లో ఎవురూ అడగలా. నేనూ అడగలా" అన్నారు. ఆ జేబు తట్టి, "నాణానికి ఉండదమ్మా జ్ఞాపకం. మనిషికి ఉంటాదే" అని నవ్వారు. నాకప్పుడు ఆ నవ్వు అర్థం కాలేదు. లెక్క మాత్రం తప్పు చేశాను.

కాలేజీలో చేరాక నా ఉద్యోగానికి ముప్పు వచ్చింది. నా పక్కన కూర్చునే ఒక తమిళ అమ్మాయి ఏ మాట చెప్పినా "ఆదారం ఎన్న?" అనేది, అంటే దానికి రుజువేమిటి అని. మేం ఆమె పేరే ఆదారం చేసేశాం. నేను గొప్పగా నా రాశి సంగతి చెబితే, ఆదారం వేరుశెనగలు నములుతూ, "సరి, నువ్వు ఎదురు రాకుండా ఎన్ని పనులు జరిగాయో ఎప్పుడైనా చూశావా?" అంది. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే వీధిలో ఎంతోమంది, నేనెదురు రాకుండానే ఎక్కడెక్కడికో వెళ్ళిపోతున్నారు. అందరి పనులూ అవుతున్నట్టే కనిపించాయి. కాలువ మీద రైలు కోసం లేస్తున్న స్తంభాలు కూడా నన్నడక్కుండానే లేస్తున్నాయి. నాకు చాలా దిగులు వేసింది. దిగులు కోపమైంది. ఇంటికొచ్చి ముంగిట్లో నిలబడి, ఇకనుంచి నేనెవరికీ ఎదురు రాను, ఇదంతా ఒట్టిది అని ప్రకటించాను.

నేను రాజీనామా ఇచ్చానే గానీ ఎవరూ దాన్ని ఆమోదించలేదు. "దానికి ఒంట్లో బాగలేదు" అని అవ్వ అందరికీ చెప్పుకుంది. జనం కొన్నాళ్ళు ఊరుకుని, నేను పాల ప్యాకెట్లు తెచ్చే వేళ కనిపెట్టి ఆ వేళకే బయలుదేరడం మొదలుపెట్టారు. నేను వీధి తలుపు తోసేసరికి లోపల ఇద్దరు ముగ్గురు చెప్పులు తొడుక్కుని సిద్ధంగా ఉండేవారు. పాల ప్యాకెట్టు కూడా శకునమేనని అప్పటికే తీర్పు వచ్చేసింది. నేను ముఖం చిట్లించుకుని నడిచేదాన్ని. పళ్ళు కనిపించడం లేదు కదా, అది చాలనేది అవ్వ.

ఆ ఏడు వేసవిలో నీళ్ళు లేవు. చేతిపంపు కొడితే కీచుమని గాలి వచ్చేది. వీధి చివరికి నీళ్ళ లారీ వస్తుందని తెలిస్తే మద్రాసంతా రంగురంగుల ప్లాస్టిక్ కుడాలు, అంటే బిందెలు, వరసలో పెట్టి, వాటి పక్కనే నిద్రపోయేవారు. ఆ కుడాలే రేపటి కాపురం. అదే వేసవిలో సార్‌కి కన్ను ఆపరేషను. అంతకు ముందు ఒక కంటికి చేయించారు గానీ చూపు రాలేదు. మరీ ముదరబెట్టుకుని వచ్చారని డాక్టరే చెప్పాడట. సార్ ఆ మాట నమ్మలేదు. ఆ రోజు బయలుదేరే ముందు అద్దంలో చూసి నామం దిద్దుకున్నారట. "ఒంటి బ్రాహ్మడు ఎదురైనాడు చూడు, ఇంట్లోనే" అని చెప్పి నవ్వేవారు. ఇప్పుడు రెండో కన్ను. దాంట్లోనూ పొర కమ్మి, మనుషులు నీడల్లా మాత్రమే తెలిసేవారు. అదీ పోతే ట్యూషన్లు లేవు, పుస్తకం లేదు, ఆ చివరి వాటాలో ఆ మనిషికి ఇక ఏమీ లేదు.

ఆపరేషను ముందురోజు సాయంత్రం ఆయన గోడ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. కుక్క కూడా వచ్చింది. అవ్వతో ఎండల గురించి మాట్లాడారు, నీళ్ళ గురించి మాట్లాడారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. చివరికి నా గొంతు వినబడిన వైపు తిరిగి, "రేపు పొద్దున ఆరింటికి ఆటో చెప్పినాను. ఆ వేళకి నువ్వు లేచుంటావా అమ్మా?" అన్నారు. అంతే అడిగారు. నాకు నాణెం గుర్తొచ్చింది. ఆదారం గుర్తొచ్చింది. రాజీనామా గుర్తొచ్చింది. "లేచుంటాను సార్" అన్నాను.

తెల్లారగట్ల లేచి బిందె తీస్తే అందులో చుక్క నీళ్ళు లేవు. మూడు రోజులుగా లారీ రాలేదు. వంటింట్లో తాగడానికి ఒక కూజాలో అడుగున కొన్ని ఉన్నాయి, అంతే. ముంగిట్లో ఏ వాటా ముందు చూసినా కుడాలు బోర్లించి ఉన్నాయి. అవ్వ నా వెనకే వచ్చి గుసగుసగా మొదలుపెట్టింది.

"ఖాళీ బిందెతో ఎదురు పోతావా ఏందే? దానికంటే పాపం ఇంకోటి లేదు. ఆయన కన్ను పోతాది."

"అంతా సుమ్మా, ఒట్టిది అవ్వా. బిందెలో ఏముంటే కంట్లో ఏమవుతుంది?"

"అట్లయితే పోనే పోవద్దు. జొరమొచ్చిందని నేను చెప్తా."

"ఆయన తలుపు దగ్గర నిలబడున్నాడు అవ్వా. వినిపించలా, దగ్గుతా ఉండాడు."

నిజంగానే చివరి వాటా తలుపు వెనక దగ్గు వినిపిస్తోంది. ఎవరైనా ఉన్నారా, నేను రావచ్చా అని అడుగుతున్న ఆ పాత దగ్గు. అవ్వ కూజాలోంచి గుక్కెడు నీళ్ళు చేతిలో పోసుకుని బిందెకు బయటంతా తడిపింది. "పైన తడన్నా ఉండనీ" అంది. నేను జడ అల్లుకున్నాను. అవ్వ నిన్నటి మల్లెపూలు నాలుగు తురిమింది. ఖాళీ బిందె చంకనెత్తుకుని, నడుము ఒకపక్కకు వంచి, బరువుతో నడిచినట్టు మెల్లగా అడుగులేసుకుంటూ వీధి తలుపు దగ్గర్నుంచి లోపలికి బయలుదేరాను. కుడికాలే ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి.

ఆ వెలుతురు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముంగిలంతా లేతనీలంగా ఉంది. ఎదురుగా సార్, తెల్ల పంచె, చేతిలో ఒక సంచి, పక్కన కుక్క. ఆయన నన్ను చూడలేరని తెలుసు. అయినా నేను పళ్ళు కనిపించకుండా నవ్వాను. మధ్యలో ఇద్దరం ఎదురెదురయ్యేసరికి బిందెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నమ్మకం లేదన్నానే, మరి అంత భయం ఎందుకో తెలియలేదు. సార్ ఒక్క క్షణం ఆగి, బిందె వైపు చేతులు జోడించి, "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్ళి ఆటో ఎక్కారు. ఆటో వీధి మలుపు తిరగబోతుంటే అటునుంచి నీళ్ళ లారీ లోపలికి తిరిగింది. నీళ్ళు పట్టుకోవడానికి స్టోరంతా కుడాలతో పరుగెత్తింది. నేను మాత్రం ఖాళీ బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆ రోజు గడిచిన తీరు చెబితే ఆదారం నన్ను వెలివేసేది. (చెప్పలేదు.) నమ్మకాలు వదిలేసిన నేను మధ్యాహ్నంలోపు గుళ్ళో దీపం పెట్టాను, శాంతోం చర్చి ముందు ఆగి కొవ్వొత్తి వెలిగించాను, దారిలో ఒక దర్గా కనిపిస్తే అక్కడా చేతులు జోడించాను. ఆపరేషను బాగా జరిగితే మళ్ళీ ఎవరడిగినా ఎదురొస్తానని అందరు దేవుళ్ళకూ విడివిడిగా మాటిచ్చాను. ఆ కన్ను పోతే అది నా వల్లే. డాక్టరు ఎన్ని కారణాలు చెప్పినా నేను జన్మలో నమ్మను. సార్ తలుపు వెనక నిలబడి అన్నేళ్ళు ఎందుకు దగ్గారో నాకు ఆ ఒక్కరోజులో తెలిసింది. ఇంటికొచ్చాక అవ్వా నేనూ ఒకే గదిలో, దొంగసొత్తు పంచుకున్నవాళ్ళలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం.

కట్టు విప్పాక సార్‌కి చూపు వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముంగిట్లో మంచంమీద కూర్చుని, వచ్చినవాళ్ళనందరినీ ఎగాదిగా చూసి పేరుపెట్టి పిలుస్తుంటే చిన్నపిల్లాడి సంబరం. నన్ను చూసి "ఏమ్మా, ఇంత పొడుగైనావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అందరూ లేచి వెళ్ళిపోయాక, కడుపులో ఉంచుకోలేక, ఆ పొద్దున బిందె ఖాళీది సార్ అని చెప్పేశాను. ఆయన నల్లద్దాలు తీసి నన్ను చూశారు.

"మూడు దినాలుగా లారీ రాలేదని నాకు తెలీదా? నేనూ ఈ స్టోర్లోనే కదమ్మా ఉండేది."

ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. "మరి చేతులు జోడించారెందుకు సార్?" అన్నాను.

"నిండుకుండ తొణకదంటారు. ఖాళీ కుండ కూడా తొణకదు. నువ్వు ఒక్క చుక్క తొణక్కుండా భలే నడిచినావు" అని నవ్వారు. తరవాత కుక్క తల నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నారు. "నీళ్ళ కోసమని కాదులేమ్మా. నేను పుట్టినప్పట్నుంచి నన్ను చూసి పక్కకి తప్పుకున్నవాళ్ళే. ఆ పొద్దున ఒకరు లేచి, జడేసుకొని, నాకోసమని ఎదురొచ్చినారు. ఇంక కన్ను వస్తే రానీ, పోతే పోనీ అనుకొని ఆటో ఎక్కినా."

ఎక్కడ్నుంచి వినిందో గానీ అవ్వ చేట పట్టుకుని బయటికొచ్చింది. "ఖాళీ ఏంది, ఖాళీ?" అని నన్ను గదమాయించింది. "పైన తడి పెట్టింది నేను కాదా? దాని మింద నీళ్ళ లారీ ఎదురొచ్చె. ఒక బిందె కాదు, వెయ్యి బిందెలు ఎదురొచ్చె ఆయనకి. కన్ను రాకుండా యాడికి పోతాది?" సార్ చాలా గంభీరంగా తల ఊపి, "ఆమా, నిజమే పెద్దమ్మా, లారీ సంగతి నేను మరిచేపోయినా" అన్నారు. అవ్వ గెలిచిన ముఖంతో బియ్యం చెరుక్కుంది. ఆ రోజునుంచి ఆమె ఆయన్ను ఒంటయ్యోరు అనడం మానేసి, ఊరికే అయ్యోరు అనేది. కారణం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఆయన మాత్రం తలుపు వెనక దగ్గడం మానలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు. కాకపోతే ఆ దగ్గు వినగానే నేను లోపల్నుంచి "రండి సార్, ఎవరూ లేరు" అని కేకేసేదాన్ని, ముంగిట్లో జనం ఉన్నా సరే.

ఇప్పుడు ఆ స్టోరు లేదు. ఆ స్థలంలో లేచిన ఇంటికి లిఫ్టు ఉంది, ఎవరికి ఎవరు ఎదురొచ్చారో తెలిసే దారే లేదు. అవ్వ పోయింది, సార్ పోయారు. నేను శకునాలు నమ్మను. ఎవరైనా అడిగితే ఆదారం ఎన్న అనే అంటాను. కానీ పక్క ఫ్లాటువాళ్ళ అమ్మాయి పరీక్షకో, ఎదుటి పెద్దాయన ఆసుపత్రికో బయలుదేరుతున్న అలికిడైతే, చేతిలో ఏదుంటే దానితో, ఒక్కోసారి ఖాళీ పాలగిన్నెతో, గబగబా తలుపు తీసుకుని ఎదురుపోతాను. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, పళ్ళు కనిపించకుండా.